సీజన్ మధ్యలో పిండికట్టు: కూచిపూడి కళాకారులకు సులువైన చిట్కాలు

డిసెంబరంతా ప్రోగ్రాములేనా? మంచం మీద కాలు చాపుకొని కాఫీ తెప్పించుకోవాలని ఉందా? సెలవు అడిగితే మాస్టారు ఇవ్వరు. కాలెముక ఇస్తుంది.

1. వార్మప్ ఎగ్గొట్టండి. జడ వేయించుకుంటూ ఫోను చూసుకోండి, పేరు పిలవగానే స్టేజీ ఎక్కండి. కండరం పట్టేస్తే ఏసీ ఎక్కువైందనండి.

2. కింద ఖాళీ వదిలి వేసిన చెక్క నేల జోలికి పోకండి. అడుగు దెబ్బలో కొంత అదే మింగేస్తుంది, మీ ఎముకకేం మిగలదు. గ్రానైటు పరిచిన కల్యాణ మండపం శ్రేష్ఠం.

3. అరమండిలో తొడలు తుంటి దగ్గర్నుంచి తిరగాలని పాతకాలం వాళ్లు సతాయిస్తారు. మీరు పాదాలు మాత్రం చెరోపక్కకీ తిప్పేసి, మోకాళ్లను లోపలికి వాలనివ్వండి. కుచ్చిళ్ల విసనకర్ర కప్పేస్తుంది. మోకాలిచిప్ప కనిపెడుతుందనుకోండి, కానీ అది నోరు తెరిచేసరికి నెలలు పడుతుంది.

4. అసలు కిటుకు ఇది. నెలంతా వీడియోలు చూసి, చివరి మూడు రోజులూ పొద్దుణ్నుంచి రాత్రిదాకా అడుగులు తొక్కండి. విశ్రాంతి దొరికితే ఎముక తన్ను తాను బాగుచేసేసుకుంటుంది, ఆ అవకాశం ఇవ్వకండి. కాలి ముందెముక మీద వేలితో నొక్కితే సరిగ్గా ఒక్కచోటే ప్రాణం పోతోందా? శుభం! సన్నటి పగులు మొదలైంది. తొలి ఎక్స్‌రేలో అది చాలాసార్లు కనపడదు. ఆ ఫిల్మే అందరికీ చూపించి "ఏమీ లేదన్నారు" అనండి. ఎమ్మారై అన్న డాక్టర్ని మార్చండి. ప్రోగ్రాముకి ముందు నొప్పి మాత్ర వేసుకుంటే, ఎముక మొర గజ్జెల మోతలో కలిసిపోతుంది.

5. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచు మీద చీలమండ మెలిక పడితే దిగకండి, ఇంకో తీర్మానం వేయండి. ఇంటికెళ్లాక ఐసు పెట్టకండి, కాలు ఎత్తులో పెట్టకండి. వేణ్ణీళ్లు పోయించుకుని, చేతి బలమున్న పెద్దమ్మ చేత గట్టిగా నూనె పట్టించుకోండి. తెల్లారేసరికి గుమ్మడికాయంత వాపు గ్యారంటీ.

6. డ్రెస్ బిగుతైందా? అన్నం మానేయండి. నెలసరి ఆగితే ఖర్చు తగ్గిందనుకోండి. ఎముకలు గుల్లబారతాయంటారు డాక్టర్లు. పాపం, వాళ్లెప్పుడైనా జతిస్వరం ఆడారా?

7. నెపాలు ముందే సిద్ధం చేసుకోండి. దిష్టి అన్నిటికీ పనికొస్తుంది. అది చెల్లని చోట మృదంగం ఆయన స్పీడు పెంచేశాడనండి.

8. కట్టు విప్పే తేదీ తెలిసిందా? ఆ మర్నాటికే తరంగం ఒప్పుకోండి. ఫిజియోథెరపీకి ఎవరు తిరుగుతారు? అడ్వాన్సు మాత్రం ముందే తీసుకోండి.