అందరూ యజమానులే, తాళంచెవి మాత్రం అడగొద్దు

మేడ్చల్ నుంచి శామీర్‌పేట దాకా ఈమధ్య పనివాళ్ళు దొరకడం కష్టమైంది గానీ, యజమానులకు మాత్రం కొదవ లేదు. ఏ కంపెనీ వార్షికోత్సవంలో చూసినా వేదిక మీది పెద్దాయన మైకు పుచ్చుకుని, "మీరు ఉద్యోగులు కారు, ఈ సంస్థకు యజమానులు" అనేస్తాడు. కింద కూర్చున్న యజమానులు చప్పట్లు కొట్టి, బిర్యానీ తిని, కంపెనీ బస్సు పోతుందేమోనని గబగబా గేటు దారి పడతారు. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళ సంచులు తెరిపించి చూస్తాడు. ఇంటికెళ్ళేముందు జేబులు తడిమించుకునే యజమానులు ఇక్కడే ఉన్నారు కాబోలు.

ఈ మహాయోగానికి ఈసాప్ (ఉద్యోగుల స్టాక్ ఆప్షన్ పథకం) అని పేరు. అంటే షేరు ఇవ్వరు; ఫలానా ధరకు ఫలానా నాటికి కొనుక్కోవచ్చని ఓ కాగితం ఇస్తారు. కంపెనీల చట్టం కింద 2014లో వచ్చిన నిబంధనలు ఈ యజమాని హక్కుల్ని విడమరిచి చెప్పాయి. కనీసం ఏడాది ఆగాలి. డబ్బు కట్టి షేరు చేతికి తెచ్చుకునేదాకా ఓటు లేదు, డివిడెండు లేదు. ఆ కాగితాన్ని ఇంకొకరికి బదలాయించకూడదు, తాకట్టు పెట్టకూడదు. గడువు నిండకముందే రాజీనామా చేస్తే అంతా చెల్లు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే మాత్రం ఇచ్చినవన్నీ వెంటనే వారసులకు దక్కుతాయి. గడువుతో పని లేకుండా యజమాని కావడానికి ఇంతకన్నా దగ్గరిదారి నాకైతే కనిపించలేదు.

కొనుక్కున్నాక కథ మరీ రంజుగా ఉంటుంది. కట్టిన ధరకూ ఆనాటి విలువకూ ఉన్న తేడా జీతం కింద లెక్క. దాని మీద పన్ను. స్టాక్ మార్కెట్లో లేని కంపెనీ షేరును మేడ్చల్ సంతలో పెట్టి అమ్మలేం, పన్ను మాత్రం నగదుగా కట్టాలి. 2020 బడ్జెట్లో కొన్ని స్టార్టప్‌ల ఉద్యోగులకు ఆ పన్ను కొన్నాళ్ళు వాయిదా వేశారు. మిగతావాళ్ళు అప్పు చేసి కడితే యజమానులు, లేకపోతే మామూలు మనుషులు. ఇదంతా కూడా పర్మనెంటు ఉద్యోగులకే. మెషీను దగ్గర నిలబడే ఒడిశా కుర్రాడు కాంట్రాక్టరు తాలూకు మనిషి కనుక, అతనికి యజమాని అయ్యే ప్రమాదం లేదు.

మన హైదరాబాద్ ఉత్తరపు అంచుకు ఈ ముచ్చట కొత్త కాదు. కొంపల్లికి పడమట బహదూర్‌పల్లిలో సత్యం కంప్యూటర్స్ కట్టుకున్న క్యాంపస్ ఉంది. ఇప్పుడది మహీంద్రా వాళ్ళది. సత్యంలో ఉద్యోగుల్ని ఉద్యోగులనేవారు కాదు, అసోసియేట్లనేవారు. 1998లోనే వాళ్ళకోసం స్టాక్ ఆప్షన్ పథకం పెట్టారు, ట్రస్టు కూడా ఏర్పడింది. ఆ షేర్లు చూపించి పెళ్ళి సంబంధాలు కుదిరిన రోజులవి. 2009 జనవరి 7న సత్యం చైర్మన్ రామలింగరాజు లేఖ బయటపడింది: పుస్తకాల్లో కనిపించే నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40కి దిగింది. అప్పటికి ప్రమోటర్ కుటుంబం వాటా పదిశాతం లోపే. ఆ కాస్తా తాకట్టులో ఉంది. అప్పిచ్చినవాళ్ళు అమ్ముకుంటూ పోయారు. తేడా గమనించారా? పెద్ద యజమాని తన వాటాను కుదువబెట్టి కోట్లు తెచ్చుకోగలడు. చిన్న యజమాని ఆప్షన్ కాగితం చూసి పాన్‌షాపువాడు కూడా అరువివ్వడు.

ఆ ఏప్రిల్‌లో ప్రభుత్వం వేసిన బోర్డు సత్యాన్ని వేలం పెడితే ఎల్ అండ్ టీ పాడింది, టెక్ మహీంద్రా షేరుకు 58 రూపాయలకు పాడి 31 శాతం పట్టుకుపోయింది. పదేళ్ళుగా యజమానులని పిలిపించుకున్న అసోసియేట్లు పాడలేదు. డబ్బెక్కడిది?

ఆ ఒక్క ప్రశ్నకే ఏ వార్షికోత్సవ ఉపన్యాసంలోనూ జవాబుండదు. జవాబు లేక కాదు. 1956లో కాలిఫోర్నియాలో లూయీ కెల్సో అనే లాయరు ఒక పత్రికల సంస్థను ఉద్యోగుల చేతికి ఇప్పించాడు. ఉద్యోగుల పేర ట్రస్టు పెట్టడం, దాని పేర అప్పు తెచ్చి పాత యజమానుల వాటా కొనడం, ఆ అప్పును కంపెనీ లాభాల్లోంచి తీర్చడం. పనివాడి జేబులోంచి పైసా కదలదు. బ్రిటన్‌వాళ్ళు 2014లో ఇలాంటి ట్రస్టుకు సగానికి పైగా వాటా అమ్మే యజమానికి పన్ను మినహాయింపే ఇచ్చారు.

మనమూ తక్కువ తినలేదు. పబ్లిక్ కంపెనీ తన డబ్బుతో ఉద్యోగుల ట్రస్టుకు షేర్లు కొనిపెట్టొచ్చని మన చట్టమూ ఒప్పుకుంది. ఎంతవరకు? చెల్లించిన మూలధనం, మిగులు నిధులు కలిపిన మొత్తంలో 5 శాతం. ఉద్యోగికి నేరుగా అప్పిస్తే ఆరు నెలల జీతం మించకూడదు. నెలకు 25,000 తెచ్చుకునేవాడికి లక్షన్నర. వందమంది కూడబలుక్కున్నా కోటిన్నర. దాంతో ఫ్యాక్టరీ కొనడం అటుంచి, ప్రహరీగోడ పక్కన జాగా రాదు.

1980ల చివర్లో ముంబై కుర్లాలో మూతబడ్డ కమానీ ట్యూబ్స్‌ను కార్మికులు సహకార సంఘం పెట్టి తీసుకున్నప్పుడు, వాటాధనం కోసం తడుముకున్నది తమ ప్రావిడెంట్ ఫండ్‌నే. ముసలితనానికి దాచుకున్నది తీసి కంపెనీ బతికించారు. కేరళలో ఊరాళుంగల్ కూలీల సంఘం 1925 నుంచీ పనివాళ్ళ సొంతంగానే నడుస్తోంది; రోడ్లు, వంతెనలు కడుతోంది. మన పెద్దమనుషులు కేరళ వెళ్ళేది మాత్రం హౌస్‌బోటు ఎక్కడానికి.

మేడ్చల్ షెడ్లలో చాలావాటికి మూడో తరం లేదు. పెద్దాయనకు మోకాళ్ళ నొప్పులు, కొడుకు డాలస్‌లో, కోడలికి ఫౌండ్రీ పొగ పడదు. ప్రైవేటు లిమిటెడ్ కనుక పబ్లిక్ కంపెనీల సంకెళ్ళు అంతగా ఉండవు. ఇరవయ్యేళ్ళుగా లేత్ తిప్పిన వాళ్ళకే అమ్మేయొచ్చు. అయితే బ్యాంకు మేనేజరు వాళ్ళని అడిగే మొదటి మాట "కొలేటరల్ ఏముంది?" అని. పని తెలుసు, గిరాకీలు తెలుసు, ఏ బేరింగ్ ఎప్పుడు అరుస్తుందో తెలుసు. ఇవి ఫారంలో పట్టవు. ఈలోగా ఔటర్ రింగ్ రోడ్డు పుణ్యాన షెడ్డు కన్నా షెడ్డు కింది మట్టికి ధర ఎక్కువ పలుకుతుంది. వెంచర్‌వాడు వస్తాడు, అడ్వాన్సు ఇస్తాడు, మెషీన్లు తుక్కుకు పోతాయి, కమాను లేస్తుంది. లేత్ తిప్పినవాళ్ళు అప్పుడు కావాలంటే అక్కడే, తమ మెషీను నిలబడ్డ చోటే, నూట యాభై గజాలకు నిజంగానే యజమానులు కావచ్చు. దానికైతే స్పాట్‌లోనే లోన్ ఇస్తారు.