జియోట్యాగ్ ఉన్న ర్యాంపు

కాలేజీల్లో ర్యాంపులు వీల్‌చైర్ల కోసం కడతారని నమ్మే అమాయకులు ఇంకా మన మధ్య ఉన్నారు. వాళ్ళు చల్లగా ఉండాలి. ర్యాంపు కట్టేది ఫోటో కోసం.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ వారు ఇన్నాళ్ళూ నడిపిన పట్టికలో 7.1.7 అని ఒక పద్దు ఉంది. దివ్యాంగులు ఇబ్బంది లేకుండా మసలే ఏర్పాట్లు మీ దగ్గర ఉన్నాయా అని అడుగుతుంది. ర్యాంపో లిఫ్టో, వాళ్ళు వాడుకోగలిగిన మరుగుదొడ్డి, దారి చూపే బోర్డులు, తెరమీది అక్షరాన్ని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్, చదివిపెట్టే రాసిపెట్టే మనుషులు, సాఫ్ట్ కాపీలు... వీటిలో నాలుగు రకాలు ఉన్నాయని చూపిస్తే చాలు, అన్నీ ఉన్నట్టే లెక్క. రుజువుగా జియోట్యాగ్ వేసిన ఫోటోలు జతచేయాలి. అక్షాంశం, రేఖాంశం, తేదీ, సమయం అన్నీ ఫోటో కింద పడతాయి. ర్యాంపు ఈ భూగోళం మీద ఎక్కడుందో అంగుళం తేడా లేకుండా తెలుస్తుంది. దాన్ని ఎవరైనా ఎక్కగలరా అన్నది మాత్రం ఫోటోలో పడదు.

నేను చూసిన ర్యాంపు ఒకటి ఉంది. ప్రభుత్వ డిగ్రీ కాలేజీ, ఊరూ పేరూ ఎందుకు లెండి. ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలని ప్రమాణం. ఇక్కడ అరుగు రెండు అడుగుల ఎత్తు. అంటే ఇరవై నాలుగు అడుగుల ర్యాంపు కావాలి. మెట్లకీ సైకిల్ స్టాండుకీ మధ్య ఖాళీ ఎనిమిది అడుగులే. కాంట్రాక్టరు ఆ ఎనిమిదిలోనే తేల్చేశాడు. పైకి వెళ్ళాక వరండా గచ్చు ఇంకో మూడు అంగుళాలు ఎత్తులో ఉంటుంది. అక్కడ అందానికి రెండు క్రోటన్ కుండీలు పెట్టారు. కింద స్టాఫ్ బండ్లు వరసగా నిలబడి ఉంటాయి, నీడ కదా.

ఆ కాలేజీలో బీకామ్ చదివే కుర్రాడికి మస్క్యులర్ డిస్ట్రఫీ. రోజూ నలుగురు స్నేహితులు కుర్చీతో సహా ఎత్తి, ర్యాంపు పక్కనున్న మెట్ల మీదుగా పైకి తీసుకెళ్తారు. ‘‘ర్యాంపు ఉందిగా బాబూ’’ అన్నాను. ‘‘దానిమీదైతే జారిపోతాం సార్, మెట్లే సేఫ్’’ అన్నారు.

ప్రిన్సిపాల్ గారిని కదిపితే ఆయన వాదన ఆయనకుంది. ‘‘ఎక్కేవాళ్ళేరీ సార్? ఒక్కడే ఒక్కడు. ఒక్కడికోసం మళ్ళీ పగలగొట్టి కట్టించమంటారా?’’ నిజమే మరి. ర్యాంపు సరిగ్గా లేదు కాబట్టి పిల్లలు రారు, పిల్లలు రారు కాబట్టి ర్యాంపు సరిగ్గా ఉండక్కర్లేదు. 2020-21 ఉన్నత విద్య సర్వే ప్రకారం దేశం మొత్తమ్మీద కాలేజీ చదువుల్లో ఉన్నవాళ్ళు 4.14 కోట్లు. అందులో వైకల్యం ఉన్నవాళ్ళు 79,035. పదివేల మందికి పందొమ్మిది మంది! 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టమేమో ప్రభుత్వ, ఎయిడెడ్ సంస్థల్లో నూటికి కనీసం ఐదు సీట్లు ఇమ్మంటుంది. ప్రైవేటు కాలేజీలకు ఆ షరతు లేదు కాబట్టి ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి గొడవపడకూడదనుకోండి. అయినా పక్కపక్కనే పెడుతున్నాను.

ఇక సర్టిఫికెట్ల సంగతి. మా తోడల్లుడి కూతురికి పుట్టుకతో చూపు లేదు. బీఏ రెండో ఏడు. చదువు కష్టంగా ఉందా తల్లీ అంటే, ‘‘చదువుదేముంది పెదనాన్నా, సర్టిఫికెట్ చూపించడమే సిలబస్‌కంటే పెద్దది’’ అంటుంది. మీసేవలో స్లాట్ పట్టుకుని, సదరం క్యాంపులో పొద్దుటినుంచి కూర్చుని, నూటికి నూరు శాతం అంధత్వం అని రాయించుకొచ్చిన కాగితం అది. ఈ కాగితం దేశమంతటా చెల్లుతుందని చట్టం 58వ సెక్షన్ చెబుతోంది. వాళ్ళ కాలేజీ ఎగ్జామ్ బ్రాంచి దేశంలోకి వస్తుందో రాదో సెక్షన్‌లో రాయడం మరిచినట్టున్నారు.

చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ కోసం అర్జీ పెడితే ఆ బ్రాంచిలో సీనియర్ అసిస్టెంటు కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడట.

‘‘చూపు లేదని ఉందమ్మా ఇందులో. రాయలేవని ఎక్కడుంది?’’

‘‘చూపు లేకుండా ఎలా రాస్తాను సార్?’’

‘‘నేను కాదంటున్నానా? కాగితం మీద ఉండాలిగా! రేపు ఆడిట్‌లో పట్టుకుంటే నేనేం చెప్పుకోవాలి? సివిల్ సర్జన్ దగ్గర రాయించుకునిరా.’’

‘‘పోయిన సెమిస్టర్‌లో ఇదే కాగితానికి ఇచ్చారు సార్.’’

‘‘అది పోయిన సెమిస్టర్ సంగతి.’’

ఆర్నెల్లలో చూపేమైనా వచ్చిందేమోనని ఆయన ఆశ కాబోలు. మంచి మనసే. కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు 29న ఇచ్చిన పరీక్షల మార్గదర్శకాల్లో మాత్రం అంధులకు, రెండు చేతులూ పనిచేయనివాళ్ళకు, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకు అడిగితే స్క్రైబ్‌ను ఇచ్చేయాలనే ఉంది. రాయలేరని డాక్టరు చేత మళ్ళీ చెప్పించుకోవాల్సింది మిగతావాళ్ళే.

సరే, అనుమతి దొరికింది. మనిషి దొరకాలిగా! మనమే స్క్రైబ్‌ను తెచ్చుకుంటే ఆ మనిషి మనకంటే ఒక మెట్టు తక్కువ చదివి ఉండాలని ఆ మార్గదర్శకాల్లోనే నిబంధన. డిగ్రీకి ఒక మెట్టు కింద ఇంటర్. తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్ చదివే పిల్లని పట్టుకోవడం కంటే శేషాచలం అడవుల్లో ఎర్రచందనం దొంగని పట్టుకోవడం తేలిక. నవంబర్‌లో వాళ్ళు స్టడీ అవర్స్‌లో ఉంటారు, కన్నతల్లికే ఔటింగ్ ఆదివారం తప్ప కనపడరు. ఏప్రిల్‌లో ఎప్‌సెట్ కోచింగ్. ఒకాయన్ని బతిమాలితే, ‘‘ఒక పూట పోతే మావాడి ర్యాంకు ఎంత కిందికి పోతుందో మీకు తెలీదు అన్నయ్యగారూ’’ అని నాకే క్లాసు పీకాడు.

చివరికి మొదటి ఏడు తెలుగు పేపరుకు పక్క వీధి బైపీసీ అమ్మాయి ఒప్పుకుంది. బంగారు తల్లి. చిక్కల్లా, ఆ పిల్ల సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం. మార్కులు బాగా పడతాయని మన ఇంటర్ పిల్లల్లో చాలామంది తీసుకునేది అదేగా. తెలుగు రాసి ఏళ్ళయింది. మావాళ్ళమ్మాయి ‘గసడదవాదేశ సంధి’ అని చెబితే పెన్ను ఆపి, ‘‘అక్కా, గసగసాలా?’’ అందట. ఆ సూత్రం ఒక్కో అక్షరం చెప్పి రాయించేసరికి పక్క బెంచీ వాళ్ళు రెండు ప్రశ్నలు దాటేశారు. ఒత్తులు ఎక్కడ పెట్టిందో, దీర్ఘాలు ఎక్కడ మింగిందో చూసేందుకు మావాళ్ళమ్మాయికి కళ్ళు లేవు. చెప్పింది ఒకరు, రాసింది ఒకరు, తప్పులకు మార్కులు పోయింది చెప్పినమ్మాయికి.

పరీక్ష పెట్టేవాళ్ళే స్క్రైబ్‌ల ప్యానెల్ ఒకటి తయారుచేసి ఉంచవచ్చని, అలా ఉంచితే పరీక్షకు రెండు రోజుల ముందే అభ్యర్థికి పరిచయం చేయాలని అవే మార్గదర్శకాల్లో ఉంది. ప్యానెల్ అంటే మా వాళ్ళు స్విచ్‌బోర్డు అనుకున్నట్టున్నారు. ఆ అమ్మాయిని పక్క వీధి నుంచి మేం తీసుకెళ్ళాం కాబట్టి సరిపోయింది. అదే హాల్లో ఇంకో కుర్రాడూ అతని స్క్రైబూ గుమ్మం దగ్గర చెప్పులు విప్పుతూ ఒకరి పేరొకరు అడిగి తెలుసుకున్నారు.

అదనపు సమయం ఇంకో ముచ్చట. గంటకు కనీసం ఇరవై నిమిషాలు. మూడు గంటల పరీక్షకు అరవై నిమిషాలు ఎక్కువ. గంట కొట్టాక అందరి పేపర్లూ తీసుకున్నారు. అటెండరు ఒక్కో కిటికీ రెక్క వేసుకుంటూ వచ్చాడు. ఆఖరి రెక్క అయ్యాక ఫ్యాను కట్టేశాడు. కట్టలకు దారం చుడుతూ ఈ ఇద్దరు పిల్లల పక్కనే నిలబడ్డాడు. ఐదింటి బస్సు పట్టుకోవాల్సిన ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చి, ‘‘పాస్ మార్కులకు సరిపడా రాశావుగా అమ్మా?’’ అంది. అంత ప్రేమగా అడిగితే ఎవరికి మాత్రం ఇంకా రాయబుద్ధవుతుంది? మార్గదర్శకాల్లో ‘కనీసం’ అన్న మాటను మేడమ్ గారు ‘బస్సు వచ్చేలోపు’ అని చదువుకున్నారు. ఇది సెమిస్టర్ పరీక్షల వైభవం. మిడ్ ఎగ్జామ్స్‌కు ఈ పాటి కూడా లేదు. ‘‘ఇంటర్నల్సేగా, ఏదో ఒకటి వేసేస్తాంలే’’ అంటారు. వేసిన ఆ ఏదో ఒకటి ఏమిటో మెమోలో చూశాం.

నూరు శాతం ఉన్న పిల్లకే ఇన్ని తిప్పలైతే, ముప్పై శాతం వాళ్ళ గతి? ‘నలభై లేదు, స్క్రైబ్ లేదు’ అనడం ఆనవాయితీ. సివిల్స్ రాయబోయిన ఒక యువకుడికి రైటర్స్ క్రాంప్. పెన్ను పడితే చేయి కొంకర్లు పోతుంది. ఆయన కేసులో 2021 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు, నలభై శాతం గీత చూపించి స్క్రైబ్‌ను కాదనకూడదని తేల్చింది. నలభై లోపు వాళ్ళకూ వర్తించే మార్గదర్శకాలు 2022 ఆగస్టు 10న వచ్చాయి. వచ్చాయంటే ఢిల్లీ నుంచి బయల్దేరాయని. కాలేజీలో అడిగితే ‘పైనుంచి సర్క్యులర్ రావాలి’ అంటారు. సుప్రీంకోర్టుకు పైన ఇంకెవరున్నారో!

మెడికల్ సీట్లలో అయితే ఈ నలభై ఇంకా రసవత్తరంగా నడిచింది. మాట సరిగా పలకలేని విద్యార్థికి దివ్యాంగుల కోటా కావాలంటే వైకల్యం నలభై శాతం ఉండాలి. అదే నలభై ఉంటే ఎంబీబీఎస్‌కే పనికిరాడని 2019 నిబంధన. కోటా తలుపు తెరిచిన అంకే కాలేజీ తలుపు మూసేస్తుంది. మహారాష్ట్ర విద్యార్థి ఓంకార్ గోండ్ కేసులో 2024 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెబితేగానీ, అంకెను కాదు, మనిషి ఏం చేయగలడో చూడాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

ఇక లైబ్రరీ. లైబ్రేరియన్ పాపం మంచివాడు. కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ పెట్టాడు. తెర మీదున్నది చదివి వినిపిస్తుంది, పైసా ఖర్చు లేదు. సాఫ్ట్ కాపీలూ సేకరించాడు. సగం స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. అవి యంత్రానికి బొమ్మలు, నోరు మెదపదు. మిగతా సగం అను ఫాంట్లలో కొట్టిన నోట్సు. మన కంటికి తేటతెలుగు, యంత్రానికి పిచ్చి గుర్తుల కుప్ప. ఆర్థికశాస్త్రం మొదటి యూనిట్ తెరిస్తే ‘డాలర్, ప్లస్, స్లాష్’ అని జపం మొదలుపెడుతుంది. డాలర్ వచ్చింది కాబట్టి ఆర్థికశాస్త్రమేనని మావాళ్ళమ్మాయి గుర్తుపడుతుంది. నాక్ ఫైల్లో మాత్రం స్క్రీన్ రీడర్ ఉంది అని ఒక టిక్కు, సాఫ్ట్ కాపీలు ఉన్నాయి అని ఇంకో టిక్కు. రెండూ అబద్ధం కాదు.

డిసెంబర్ 3 వచ్చిందంటే చూడాలి వైభోగం. అంతర్జాతీయ దివ్యాంగుల దినోత్సవం. సెమినార్ హాలు మొదటి అంతస్తులో ఉంది కాబట్టి బీకామ్ కుర్రాడు కిందే ఉండిపోయాడు. మావాళ్ళమ్మాయిని వేదిక మీద కూర్చోబెట్టి శాలువా కప్పారు. ముఖ్య అతిథి శ్రీకాంత్ బొల్లా కథ ఎత్తుకున్నారు. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన అంధుడు అమెరికాలో ఎంఐటీలో చదివి, బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టి వందల మందికి ఉద్యోగాలిచ్చాడు. 2024లో హిందీలో సినిమా కూడా తీశారు. హాలంతా చప్పట్లు. పదో తరగతి అయ్యాక సైన్స్ గ్రూపు అడిగితే ఈ గడ్డమీదే కుదరదన్నారని, కోర్టుకెక్కి సీటు తెచ్చుకుని 98 శాతం మార్కులు కొట్టాడని, ఐఐటీ కోచింగ్ సెంటర్లు కూడా రానివ్వలేదని అతిథి గారు చెప్పలేదు. మనం కాదన్నందుకే అంతవాడయ్యాడని తేలితే, కాదనడం కూడా మన సేవల్లో ఒకటిగా ఫైల్లో ఎక్కించవచ్చు కదా.

అందుకని పిల్లలకు ఒక మాట. ఏది అడిగినా నోటితో అడగకండి, కాగితం మీద అడగండి. రెండో ప్రతి మీద తేదీతో స్టాంపు వేయించుకోండి.  కాలేజీలో కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయండి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి జరిమానా పదివేల రూపాయల వరకే. నాక్ బృందానికి పెట్టిన ఒక పూట భోజనాల కింద కొట్టుకుపోతుంది. రెండోసారి నుంచి యాభై వేలకు తగ్గకుండా ఐదు లక్షల దాకా. కాబట్టి మొదటి ఫిర్యాదుతో ఆగిపోకండి.