పునఃప్రారంభ సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: ఒకసారి ఆపి, కాస్త ఆగి, మళ్ళీ వేసి చూడండి.

అవతారిక. టీవీలో బొమ్మ బిగుసుకుపోయినా, కంప్యూటరు తెర మీద చక్రం తిరిగి తిరిగి ఎటూ తేల్చకపోయినా, సెట్‌టాప్ బాక్సు ఉలకక పలకక కూర్చున్నా, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసిన గృహస్థుకు అవతలి గొంతు ఉపదేశించేది ఈ ఏడు మాటల సూత్రమే. దీని కర్త ఎవరో తెలియదు కనుక అపౌరుషేయమన్నా తప్పులేదు. ఇంటింటా పారాయణమవుతున్న వాక్యానికి వ్యాఖ్యానం లేకపోవడం మాత్రం లోపమే. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని మల్లినాథసూరి కాళిదాసు ముందు కూర్చుని నియమం పెట్టుకున్నాడు. ఆ నియమంలో మొదటి సగం ఇక్కడా పాటిస్తాం, రెండో సగానికి హామీ లేదు. లోకులు ఈ సూత్రాన్ని చికిత్స అనుకుంటారు. పని జరిగితే మహిమ అంటారు, జరగకపోతే కంపెనీవాడు తప్పించుకున్నాడంటారు. రెండూ అపార్థాలే. ఇది చికిత్స కాదు, పరీక్ష. ఆ సంగతి వాక్య నిర్మాణంలోనే ఉంది.

ఆపి, ఆగి, వేసి అనే మూడూ క్త్వార్థకాలు, అంటే తమంత తాము నిలవలేని అసమాపక క్రియలు. వాక్యాన్ని ముగించేది 'చూడండి' ఒక్కటే. కాబట్టి సూత్రం మనల్ని చేయమంటున్న పని చూడటం. ఆపడం, వేయడం దానికి అంగాలు. ఇక్కడ పూర్వపక్షి లేస్తాడు. 'తిని చూడు', 'అడిగి చూడు' అన్నప్పుడు చూడు అంటే ప్రయత్నించమని గాని కళ్ళు పెట్టి చూడమని కాదు గదా, ఆ మాటకు సొంత అర్థమెక్కడిదంటాడు. అయ్యా, కూర తిని చూడమన్న ఇల్లాలు ఉప్పు సరిపోయిందో లేదో చెప్పమనేగా అడుగుతున్నది? తిని, ఉప్పు సంగతి పట్టించుకోకుండా చెయ్యి కడుక్కున్నవాడు తిన్నాడే గాని తిని చూడలేదు. అలాగే ఈ సూత్రం యంత్రాన్ని అడిగే ప్రశ్న ఒకటుంది: నీ జబ్బు కరెంటు ఉన్నంతసేపే ఉండే భాగంలో ఉందా, కరెంటు పోయినా ఉండే భాగంలో ఉందా? ర్యామ్ అనే తాత్కాలిక జ్ఞాపకంలో ఉన్నదంతా ఆపగానే తుడిచిపెట్టుకుపోతుంది. డిస్కు, తీగలు, బోర్డు, ప్యానెలు, డిస్కు మీద రాసి ఉన్న ప్రోగ్రాములు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆపి వేశాక తేడా పోతే అది మొదటి పక్షం, పోకపోతే రెండోది. గంటల తరబడి నడిచిన యంత్రం లోపల ఏది ఎక్కడ చిక్కుకుందో తయారుచేసినవాడు కూడా చెప్పలేడు, ఆ స్థితులు లెక్కకు అందవు. మొదలయ్యే స్థితి మాత్రం ఒకటే, అతను పదేపదే పరీక్షించినదీ దాన్నే. ఊరుకాని ఊళ్ళో సందుల్లో దారి తప్పినవాడు తిరిగి బస్టాండుకే వచ్చి బయల్దేరడం లాంటిదిది.

'ఆపి' అనే పదం దగ్గర పాఠభేదాలున్నాయి. కొన్ని ప్రతుల్లో 'పీకి' అని ఉంది, ప్లగ్గు పీకి అని అన్వయం. పాత తాళపత్రాల్లో, అంటే పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో, 'కొట్టి' అని కూడా కనిపిస్తుంది. ఈ మూడో పాఠాన్ని మూఢత్వమని కొట్టిపారేయడం న్యాయం కాదు. బోర్డు మీద టంకం వదులై, మెకానిక్కులు డ్రై సోల్డర్ అనే లోపం ఏర్పడినప్పుడు డబ్బా మీద అరచేత్తో చరిస్తే విడిపోయిన లంకె క్షణకాలం తగులుకునేది, బొమ్మ వచ్చేది. నేటి టీవీకి కొట్టించుకునే వీపే లేదు, ఉన్నదల్లా గాజు పలక. అంచేత ఆ పాఠం త్యాజ్యం. 'పీకి' అన్నది మాత్రం ఒక్కోచోట మూలం కంటే గట్టి పాఠం. రిమోట్‌తో ఆపిన టీవీ ఆగినట్టు కాదు. ఎర్ర దీపం వెలుగుతోందంటే అది స్వప్నావస్థలో ఉంది. త్వరగా వెలగడం కోసం చాలా స్మార్ట్ టీవీలు తమ జ్ఞాపకాన్ని ఆ నిద్రలోనూ నిలుపుకుంటాయి. కంప్యూటర్ల విషయం ఇంకా విచిత్రం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు వచ్చింది. అది పనిచేస్తున్నచోట 'షట్ డౌన్' నొక్కితే యంత్రం తన మూల వ్యవస్థ స్థితిని డిస్కు మీద రాసిపెట్టుకుని పడుకుంటుంది, లేవగానే దాన్నే తిరిగి చదువుకుంటుంది. 'రీస్టార్ట్' నొక్కితేనే అంతా కొత్తగా మొదలవుతుంది. అంటే షట్ డౌన్ పూర్వజన్మ వాసనలు మిగిలిన మరణం, రీస్టార్ట్ వాసనాక్షయం. రాత్రి ఆపి పొద్దున్నే వేశానండీ, అయినా పోలేదని వాపోయే గృహస్థు చాలాసార్లు నిజమే చెబుతాడు. పాపం, అతను ఆపనే లేదు.

'కాస్త ఆగి'. ఆపడం సకర్మకం, యంత్రానికి చేసేది. ఆగడం అకర్మకం, మనిషి తనకు తాను చేసుకునేది. జనం ఎగరగొట్టేది ఈ పదాన్నే. క్త్వార్థకానికీ సమాపకానికీ కర్త ఒక్కడే కావాలని వ్యాకరణం. తాతగారు ఆపి, అల్లుడుగారు ఆగి, మనవడు వేసే ఇంట్లో మధ్యమ క్రియ గల్లంతవుతుందని వేరే చెప్పాలా? ఎందుకు ఆగాలంటే, ప్లగ్గు తీసినా పవర్ సప్లైలోని కెపాసిటర్లలో కొంత విద్యుత్తు నిలిచి ఉంటుంది. టీవీ ఎర్ర దీపం ఠక్కున కాక నెమ్మదిగా ఆరిపోయేది అందుకే. అర నిమిషం నుంచి నిమిషం చాలు. ప్లగ్గు తీశాక పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే మరీ మంచిది. సొంత బ్యాటరీ ఉన్న ల్యాప్‌టాప్‌ను మాత్రం గోడకున్న స్విచ్చు ఏమీ చేయలేదు, బటన్ నొక్కి పట్టాల్సిందే. అయితే 'కాస్త' అన్న మాటకు కొలత చెప్పకపోవడం సూత్రకారుడి దోషమేనని ఒప్పుకోవాలి. కొలత లేని మాట ఎంతకు తెస్తుందో ఒక ఉదాహరణ చెబుతాం. 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో అమెరికా వారి పేట్రియట్ క్షిపణి వ్యవస్థ వచ్చిపడుతున్న ఇరాక్ స్కడ్‌ను అడ్డుకోలేకపోయింది, 28 మంది సైనికులు చనిపోయారు. అందులోని గడియారం సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెడుతుంది. మూడో వంతును దశాంశాల్లో రాస్తే తెగనట్టే పదో వంతును ద్విసంఖ్యామానంలో రాస్తే తెగదు. తోక కత్తిరించిన కొద్దీ తప్పు పోగవుతుంది. దాదాపు 100 గంటలు ఆగకుండా నడిచేసరికి ఆ తప్పు సెకనులో మూడో వంతయింది, క్షిపణి లేనిచోట వెతకడానికి అది చాలు. చాలాసేపు నడిపితే లెక్క తప్పుతుందని అంతకు కొన్ని రోజుల ముందే వాడేవారికి హెచ్చరిక వెళ్ళింది. ఎంతసేపైతే 'చాలాసేపు' అవుతుందో అందులో లేదు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు, 26న దహ్రాన్ చేరింది.

ఇది తెలియనివాళ్ళు చెప్పే చిట్కా, అసలు కారణం కనుక్కోలేక చెప్పే సాకు అని ఆక్షేపించేవారున్నారు. సగం నిజం. ఏదో ప్రోగ్రాము అడిగి తీసుకున్న జ్ఞాపకాన్ని తిరిగి ఇవ్వకుండా పోగేసుకుంటుంటే, ఆపి వేయడం వల్ల బాకీ రద్దవుతుంది గాని బాకీ చేసే బుద్ధి పోదు. నాలుగు రోజుల్లో మళ్ళీ అదే పరిస్థితి. కానీ కారణం తెలిశాక కూడా పెద్దలు ఇదే సూత్రాన్ని విధించిన సందర్భముంది. బోయింగ్ 787 విమానానికి 248 రోజులు ఆగకుండా కరెంటు ఉంటే జనరేటర్లను నియంత్రించే యూనిట్లన్నీ ఒక్కసారే పనిమానవచ్చని తేలినప్పుడు, 2015లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చిన ఆదేశం నిర్ణీత గడువుల్లో విమానంలో కరెంటు ఆపి వేయమనే. మన సూత్రానికి ఇంతకంటే ప్రమాణం ఏం కావాలి? మరి 'ఒకసారి' ఎందుకంటారా? తెలుగులో 'ఒకసారి ఇటు రండి' అన్నట్టు మర్యాద కోసం వేసిన మాటేనని కొందరు. సంఖ్యావాచకమనే మా మతం. పరీక్ష ఒకసారి చేస్తే జవాబు వచ్చేసింది. అదే తేడా అదే రోజు తిరిగొస్తే ఇంకా పదిసార్లు ఆపి వేయడం పరీక్ష కాదు, పంతం. దీనికి అపవాదసూత్రం ఒకటుంది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని తెర మీద ఉన్నంతసేపు ప్లగ్గు జోలికి పోకూడదు. సగం రాసిన వ్యవస్థతో యంత్రం లేవకపోవచ్చు.

ఇక 'చూడండి'. టీవీ 'నో సిగ్నల్' అని రాసి చూపిస్తోందంటే తాను బతికే ఉన్నానని సాక్ష్యమిస్తోందన్నమాట. మాట్లాడుతూ 'నాకు నోరు లేదు' అనేవాడిని నమ్మం కదా. తప్పు దాని వెనక ఉన్న కేబుల్లోనో, సెట్‌టాప్ బాక్సులోనో, రిమోట్‌తో పొరపాటున మార్చిన ఇన్‌పుట్‌లోనో వెతకాలి. జోరు వానలో డీటీహెచ్ బొమ్మ పోతే వాన వెలిసేదాకా ఆగడమే మార్గం. ఆ తరంగాలు కేయూ బ్యాండ్‌వి, వాన చినుకులు వాటిని మింగేస్తాయి. ఇక్కడ సూత్రంలో 'ఆగి' ఒక్కటే పనికొస్తుంది. రిమోట్ పలకకపోతే దాని కొసను ఫోన్ కెమెరా వైపు పెట్టి మీట నొక్కండి. కంటికి కనబడని పరారుణ కాంతి చాలా కెమెరాలకు మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది, కనబడితే రిమోట్ నిర్దోషి. వేసిన ప్రతిసారీ కంప్యూటరు ఏ పాత ఏడాదిలోనో మేల్కొంటూ, వెబ్‌సైట్లు సురక్షితం కాదంటూ తెరుచుకోకపోతే, మదర్‌బోర్డు మీద గడియారాన్ని నడిపే సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ అయిపోయినట్టు. భద్రతా పత్రాలకు తేదీల గడువుంటుంది, గడియారం తప్పితే అవి చెల్లవు. పదిసార్లు ఆపి వేసినా రాని ఫలితం ఆ బిళ్ళ మార్చి తేదీ సరిచేస్తే వస్తుంది. ఇవన్నీ సూత్రం విఫలమైన చోట్లని లోకం అంటుంది. పోలేదని తేలడమే ఇక్కడ జవాబు కనుక సూత్రం పనిచేసిన చోట్లంటాం మేము.

అన్వయంలో ఒక చిక్కు మిగిలింది. వాక్యం చివరున్న 'చూడండి'ని మొదటికీ లాక్కోవాలి, ఎందుకంటే ఆపగానే సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. నీలి తెర మీది కోడ్, ఎర్రర్ సంఖ్య, ఎన్ని బీప్‌లు కొట్టిందన్న లెక్క, మెకానిక్కుకు కావలసింది అదే. కాబట్టి పాఠకులకు మనవి: చెయ్యి స్విచ్చు మీదికి పోకముందే తెరను ఫోన్‌తో ఒక ఫొటో తీసి ఉంచుకోండి.