ఫిర్యాదుల పెట్టె ఆత్మకథ

నా జాతకమును లిఖించినది బ్రహ్మదేవుడు కాదు, కొనుగోలు సంఘము. 2007వ సంవత్సరమున హైదరాబాదు నగర శివారునందలి ఒక విద్యాసంస్థలో, కంప్యూటరు కేంద్రపు పొడవాటి బల్లచుట్టు ఐదుగురు పెద్దలు కూర్చుండి, మూడు కొటేషన్లను ముందుంచుకొని, తేనీరు చల్లారువఱకు చర్చించి, కట్టకడపట అందరికిని అర్థమైన ఒకేయొక పంక్తిని, అనగా ప్రాసెసరు వేగమును తెలుపు గిగాహెర్ట్జుల పంక్తిని, ప్రమాణముగా గైకొని, తక్కిన విషయములలో ఏది చౌకయో దానిని మంజూరు చేసిరి. ఆ తీర్మానఫలముగా నాకు నాలుగు కోర్ల ప్రాసెసరొకటియు, నాలుగు జీబీల మెమరీయు, నిమిషమునకు 7,200 పర్యాయములు తిరుగు 500 జీబీల డిస్కులు మూడును ప్రాప్తించినవి. రెండవ ప్రాసెసరు కొఱకు ఒక గూడు ఖాళీగా విడువబడెను. నేను చేయవలసిన పని యేమి, ఆ పనిలో నేను దేనికొఱకు నిరీక్షింపవలసివచ్చును అని అడిగినవారు ఆ బల్లచుట్టు ఒక్కరును లేరు.

నా పని ఫిర్యాదులు స్వీకరించుట. వసతిగృహమున కుళాయి కారినను, తరగతిగదిలో ప్రొజెక్టరు వెలుగకున్నను, ఆచార్యులవారు తమ మెయిలు పాస్‌వర్డును మరచినను, ఆ విన్నపము ఈ-మెయిలు రూపమున నన్ను చేరును. నేను దానికొక సంఖ్య నిచ్చి, తగిన విభాగపు వరుసలో నిలిపి, 'న్యూ' అను స్థితినుండి 'ఓపెన్'కును, అటనుండి 'రిజాల్వ్‌డ్'కును అది చేరువఱకు కావలి కాయుదును. నాలో నివసించిన ప్రోగ్రాము పేరు రిక్వెస్ట్ ట్రాకర్. దానిని 1996లో అమెరికాయందలి వెస్లియన్ విశ్వవిద్యాలయమున నుండగా జెస్సీ విన్సెంట్ అనునతడు ఆరంభించెను. అది పెర్ల్ భాషలో వ్రాయబడినది. దాని క్రింద మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు. రెండింటికిని వెల లేదు. సంఘమువారికి వానియందు ప్రథమముగా గోచరించిన సుగుణ మదియే.

ఈ ప్రోగ్రాము స్వభావము కరణముగారి స్వభావము వంటిది. టికెట్టు ఒకరి చేతినుండి మరియొకరి చేతికి మారినను, చిన్న వ్యాఖ్య చేరినను, గడచినదానిని తుడిచివేయక, చిట్టాలో మరియొక పంక్తి చేర్చును. విద్యార్థి పంపిన కుళాయి ఫోటో సైతము డేటాబేసు గర్భమునందే భద్రపరుపబడును. అంతియే కాదు, ఒక టికెట్టును తెరచుటకు ముందు, చూడగోరువాడెవడు, అతడే బృందమునకు చెందినవాడు, ఆ బృందము మరియే బృందమున అంతర్భాగము, ఈ టికెట్టును చూచు అధికార మతనికి కలదా లేదా అని విచారించుచు, ఒక్క పుట కొఱకు పదులకొలది ప్రశ్నలను డేటాబేసునకు సంధించును. ప్రతి ప్రశ్నకును సమాధానము మెమరీలో దొరకవలెను. దొరకనిచో డిస్కు వద్దకు పోవలెను.

నా కష్టమంతయు ఈ 'పోవలెను' అను చోట నున్నది. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు పళ్ళెము ఒక చుట్టునకు 8 మిల్లీసెకండ్లకు పైగా తీసికొనును. కోరిన చోటు సూది క్రిందికి వచ్చుటకు సగటున అందులో సగము. సూది తాను సరియైన వలయమునకు జరుగుటకు మరి 8 మిల్లీసెకండ్లు. మొత్తము సుమారు 12 మిల్లీసెకండ్లు. మనుష్యులకిది కనురెప్పపాటు కూడ కాదు. కాని మెమరీనుండి అదే అక్షరమును తెచ్చుకొనుటకు నాకు సుమారు 100 నానోసెకండ్లు చాలును. లెక్క వేసి చూడుడు: లక్షరెట్లకు మించిన అంతరము. వంటయింటి డబ్బాలోని ఉప్పును ఒక్క సెకనులో అందుకొను గృహిణి, డబ్బా నిండుకొన్న నాడు 33 గంటలకు పైగా ప్రయాణము చేసి ఉప్పు తేవలసివచ్చినచో ఆమె వంట యెట్లుండునో నా వంటయు నట్లే యుండెను. అట్టి డిస్కు సెకనునకు 80 పర్యాయములకు మించి ఉప్పు తేజాలదు. వెయ్యి జీబీల నిలువ చోటున్నదని పెద్దలు మురిసిరి. అది వెయ్యి పుట్లు పట్టు గాదె, తలుపు మాత్రము పిల్లి దూరునంత.

దీనికి తోడు నా మూడు డిస్కులను రెయిడ్ 5 అను పద్ధతిలో కట్టిరి. 1988లో బర్క్‌లీ పండితులు ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ ప్రకటించిన వ్యాసములో వర్ణింపబడిన ఆ పద్ధతి దోషము గలది కాదు. ఒక డిస్కంత చోటు సరిచూపు లెక్కకు పోవును గాని, ఒక డిస్కు చెడినను సమాచారము నిలుచును. కాని చిన్న వ్రాత యొకటి జరుగవలెనన్న, పాత సమాచారమును చదివి, పాత సరిచూపు లెక్కను చదివి, క్రొత్త సమాచారమును వ్రాసి, క్రొత్త లెక్కను వ్రాయవలెను: ఒకటికి నాలుగు పనులు. మూడు డిస్కులు కలిసి సెకనునకు 240 పనులు చేయగలిగినను వ్రాతలు 60 దాటవు. ఫిర్యాదు అనగానే వ్రాతయే కదా!

2008 జూలైలో ప్రవేశముల సందడి వచ్చెను. క్రొత్త విద్యార్థుల మెయిలు ఖాతాలు, గదుల తాళములు, ఇంటర్నెట్టు కేబుళ్ళు: విన్నపములు వరదవలె వచ్చిపడెను. ఒక పుట తెరచుకొనుటకు అరనిమిషము పట్టుచుండెను. "సర్వరుకు బలం చాలట్లేదు సార్" అని ఒకరనగా, వెంటనే ఇండెంటు వ్రాసి, ఖాళీగూటిలో రెండవ ప్రాసెసరును ప్రతిష్ఠించిరి. అంతకుముందు నాలుగు కోర్లు ఊరక కూర్చుండి డిస్కు త్రోవ చూచుచుండెను. ఆపై ఎనిమిది చూచుచుండెను. ఇది చాలదని, ఒకేసారి ఎక్కువమందిని లోనికి రానిచ్చిన వేగము హెచ్చునని తలచి, వెబ్ పుటలను వడ్డించు అపాచీ అను ప్రోగ్రాము ప్రక్రియల పరిమితిని 150కి పెంచిరి. పెర్ల్ బరువుతో ఒక్కొక్క ప్రక్రియయు 60 ఎంబీలు తినుచుండెను. నూటయేబది అరువదులెంత? తొమ్మిదివేలు. నాయందున్నవి నాలుగువేల చిల్లర. మిగిలినదంతయు స్వాప్ పేర డిస్కుమీదకే పొర్లినది. ఉప్పు డబ్బాను కూడ ఆ 33 గంటల దూరపు ఊరిలోనే పెట్టినట్లయ్యెను. ఆ మధ్యాహ్నము నేను మూడుసార్లు మూర్ఛిల్లితిని. బటను నొక్కి లేపిన ప్రతిసారియు ఎవరో ఒకరు "వైరస్ అయి ఉంటుంది" అనుచునే యుండిరి.

2009లో ఒక యువతి సిస్టం అడ్మినిస్ట్రేటరుగా వచ్చెను. వచ్చిన మొదటి వారము ఆమె నాలో ఒక్క అక్షరమును మార్చలేదు. వీఎంస్టాట్, ఐఓస్టాట్ అను రెండు ఆదేశములను నడిపి, ఆ అంకెలను నోటుపుస్తకమున వ్రాసికొనుచుండెను. నాడి చూడక మందిచ్చు వైద్యులనే అంతవఱకు ఎరిగిన నాకు ఆ మౌనము మిక్కిలి హాయి గొలిపినది. ప్రాసెసరు ఖాళీ, నిరీక్షణ గడి నిండుగా: నా రోగమామెకు రెండవనాటికే తెలిసినదనుకొందును, అయినను వారము పూర్తిగా చూచెను.

పిమ్మట డేటాబేసు అమరికల పుటను తెరచి ఆమె పకాలున నవ్వెను. మైఎస్‌క్యూఎల్‌లో సమాచారమును నిలువచేయు భాగమగు ఇన్నోడీబీ తన పుటలను మెమరీలో నిలుపుకొను కొలను పరిమాణము 8 ఎంబీలు! ఆ కాలపు మైఎస్‌క్యూఎల్ పుట్టుకతో తెచ్చుకొను విలువ అది. రెండేండ్లుగా దానిని తాకినవాడు లేడు. ఒక్కొక్క పుట 16 కేబీలు గనుక కొలనులో పట్టునవి 512 పుటలు; నా డేటాబేసు అప్పటికే ఆరు జీబీలు, అనగా నాలుగు లక్షలకు చేరువైన పుటలు. గంగాళమంత ఆకలికి ఉగ్గుగిన్నె! 1987లో జిమ్ గ్రే అను డేటాబేసు మహాపండితుడు, ఐదు నిమిషముల కొకసారియైనను కావలసివచ్చు పుటను మెమరీలో నుంచుటయే ఖర్చు తక్కువ అని లెక్క గట్టి చెప్పెను. నేను పుట్టిన 2007లోనే, జనవరి మాసమున, ఆయన పడవలో ఒంటరిగా శాన్‌ఫ్రాన్సిస్కో తీరమునుండి సముద్రములోనికి పోయి మరల కానరాలేదు.

ఆమె ప్రక్రియల పరిమితిని 150నుండి బాగుగా దించెను, కొలనును రెండు జీబీలకు పెంచెను. ద్వారములు తగ్గించుటచే జనము త్వరగా లోనికి పోవుట చూచి కార్యాలయమువారు నివ్వెరపోయిరి. ఆ రాత్రియే డేటాబేసు యొక్క 5 ఎంబీల లాగు ఫైళ్ళను 256కి పెంచబోయి, పాత ఫైళ్ళను ప్రక్కకు తీయుట మరచినందున, పరిమాణము సరిపడలేదని ఇన్నోడీబీ మొండికేసినది. తెల్లవారుజామున రెండు గంటలకు నేలమీద బాసింపట్టు వేసికొని కూర్చుండి, పాత ఫైళ్ళను వేరొక చోటికి జరిపి, నన్ను మరల లేపెను.

నిదానముగా నడుచు ప్రశ్నల జాబితాలో ప్రతి సోమవారము పదిగంటలకు ఒకే ప్రశ్న కనబడుచుండెను. ఒక అధికారిగారు 'కుళాయి' అను మాట ఎక్కడెక్కడ వచ్చినదో సమస్త సందేశముల మధ్యనుండి వెదకించుచుండిరి. దీనికి ఇండెక్సు పనికిరాదు. మాట మొదటి అక్షరము తెలిసిననే నిఘంటువు ఉపయోగపడును గాని, నడుమనెక్కడనో ఈ మూడక్షరములున్న పదములన్నియు చూపుమన్నచో మొదటి పుటనుండి కడపటి పుటవఱకు చదువుట తప్ప గతి లేదు. ఆమె వారి గదికి పోయి, విభాగమును, తేదీలను ముందు నిర్ణయించి, విషయశీర్షికలో మాత్రమే వెదకుట నేర్పి వచ్చెను. ఆ ఐదు నిమిషముల పాఠము రెండవ ప్రాసెసరు కంటె నాకెక్కువ మేలు చేసినదని ప్రమాణపూర్వకముగా చెప్పగలను.

తరువాతనే ఆమె ఇండెంటు వ్రాసెను: మెమరీ 16 జీబీలకు, 15,000 చుట్ల వేగము గల 146 జీబీల డిస్కులు నాలుగు, ప్రతి వ్రాతను రెండేసి డిస్కులపై జంటగా నిలుపు రెయిడ్ 10 పద్ధతిలో, బ్యాటరీ రక్షణ గల కంట్రోలరొకటి. లెక్కలు చూచు పెద్దాయన కళ్ళజోడు సవరించుకొనెను.

"అమ్మా, వెయ్యి జీబీలు ఉన్నది తీసేసి, మూడొందలైనా లేనిది ఎక్కువ డబ్బు పోసి కొంటామంటున్నావు. ఆడిట్‌కు నేనేం రాయను?"

"సార్, మనకు కావాల్సింది గోడౌను కాదు సార్, కౌంటర్లు. ఇప్పుడు సెకనుకు అరవై రాతలు. అప్పుడు మూడొందల అరవై."

ఆయన కాగితముపై గుణించి చూచి, సంతకము చేసెను. ఆ గుణకారమును నేను ఇప్పటికిని గౌరవింతును.

బ్యాటరీ ముచ్చట కొంత చెప్పవలసియున్నది. 'వ్రాసితిని' అని నేను చెప్పిన మాట డిస్కుపై నిజముగా పడువఱకు ఆగుట ధర్మము, ఆగకుండుట వేగము. సెకనున కొకసారి మాత్రమే డిస్కునకు పంపు అమరిక యొకటి కలదు. కరెంటు పోయినచో ఆ సెకనులో వచ్చిన ఫిర్యాదులు మాయమగును. స్వీకరించితిమని చెప్పి మరచుట ఫిర్యాదుల పెట్టెకు తగదని ఆమె దానికి సమ్మతింపలేదు. బ్యాటరీ గల కంట్రోలరు ఈ చిక్కును విడదీయును: వ్రాతను తన జ్ఞప్తిలో నుంచుకొని వెంటనే 'సరే' అనును, కరెంటు పోయినను మరువదు. అయితే ఆ బ్యాటరీ మూడు నెలల కొకసారి తన్ను తాను పూర్తిగా ఖాళీచేసికొని మరల నింపుకొనును. ఆ ఉపవాసదినమున కంట్రోలరు సాహసమును మాని ప్రతి వ్రాతను డిస్కువఱకు మోయును గనుక, నేను కొన్ని గంటలు మందగింతును. ఆమె ఆ వ్రతమును ఆదివారపు రాత్రికి జరిపెను.

ఆమె వేరొక ఉద్యోగమునకు పోయిన పిమ్మట, 2012లో బ్యాటరీ వయసుడిగి చచ్చెను. కంట్రోలరు ఆ సంగతిని లాగులో ప్రతిదినము వ్రాయుచుండెను, చదివినవారు లేరు. నాలుగు మాసములు నేను మరల మందకొడినైతిని. రెండు కమిటీలు కూర్చుండినవి. ప్రాసెసరు పాతబడినదని తేల్చినవి.

2015లో నా చరిత్రయంతయు, ఒక్క పంక్తియు పోకుండ, తిరుగు పళ్ళెములు లేని ఎస్ఎస్‌డీల క్రొత్త యంత్రమునకు తరలింపబడెను. నా మెమరీని ఊడదీసి వేరొక సర్వరునకు తొడిగిరి. నేనిప్పుడు యూపీఎస్ గదిలో, పగిలిన కుర్చీ ప్రక్కన, ఆస్తుల రిజిస్టరు అంకె అంటించిన నుదుటితో నున్నాను. నన్ను తుక్కు జాబితాలో చేర్చవలెనన్న టికెట్టును కడపటివారమున నేనే స్వీకరించి సంఖ్య వేసితిని. తుక్కు కమిటీ ఇంకను కూర్చుండలేదు గనుక, క్రొత్త యంత్రములో దాని స్థితి నేటికిని 'స్టాల్డ్'.