హమ్ము హిస్సు పద్యానికి టీకా తాత్పర్యం

హమ్ము హిస్సు చిటుకు హంగుగా టింగును
నాల్గు విధము లగును నాదము లిల
గొట్ట మొకటి యొకటి గుంజి చూచినవేళ
ఆగు నెచట మ్రోత యచటె తప్పు

అవతారిక: పాత వాల్వు గిటారు యాంప్లిఫయర్ చేయకూడని చప్పుడు చేస్తే ఎక్కడ వెతకాలో చెప్పే ఆటవెలది ఇది. ఉదాహరణకు ఫెండర్ డీలక్స్ రివెర్బ్‌ను తీసుకోవచ్చు. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ కర్మాగారం నుంచి 1963 మొదలు 1967 దాకా నల్ల ప్యానెల్‌తో వచ్చిన రకం. అందులో గొట్టాలు తొమ్మిది: నాలుగు 12ఏఎక్స్7లు, రెండు 12ఏటీ7లు, రెండు 6వి6లు, ఒక జీజడ్34.

ప్రతిపదార్థం: హమ్ము = కరెంటు మోత; హిస్సు = విజిలుకు ముందు కుక్కరు పెట్టే బుస; చిటుకు = పోపులో ఆవాల పేలుడు; హంగుగా = ఆర్భాటంగా; టింగును = కంచు గిన్నెకు గరిటె తగిలినట్టు మోగేదియును; నాదములు = చప్పుళ్లు (మర్యాదకు నాదాలన్నాడు కవి); ఇల = భూమియందు; నాల్గు విధములు అగును = నాలుగు రకాలు; గొట్టము ఒకటి ఒకటి = వాల్వులను ఒక్కొక్కటిగా; గుంజి చూచినవేళ = పీకి చూసినప్పుడు; మ్రోత ఎచట ఆగున్ = చప్పుడు ఎక్కడ ఆగిపోతుందో; అచటె తప్పు = దోషం అక్కడే.

‘ఇల’ పాదపూరణానికి పడిందని తొందరపడి అనరాదు. ఇల అంటే భూమి, భూమి అంటే ఎర్త్. ఆ కాలపు యాంప్‌లలో చాలావాటికి రెండు పిన్నుల తీగే ఉండేది. మెయిన్స్‌కూ ఛాసిస్‌కూ మధ్య ఒక కండెన్సర్, దాన్ని అటూ ఇటూ మార్చే స్విచ్చు ఉండేవి. ఆ కండెన్సర్ షార్టయితే కరెంటు ఛాసిస్‌కు, అక్కణ్ణుంచి గిటారు తీగల మీదుగా వాయించేవాడి చేతికి వస్తుంది. మెకానిక్కులు దానికి మృత్యు కండెన్సరని పేరు పెట్టారు. దాన్ని తీసేసి, మూడు పిన్నుల తీగ వేసి, ఎర్త్‌ను ఛాసిస్‌కు బిగించడం మొదటి పని. హమ్ము పోతుందని ఎర్త్ పిన్ను విరిచేవాళ్లున్నారు. వాళ్లకు ఈ పద్యం వర్తించదు.

అధ్యాహార్యం: ‘గుంజి’కి ముందు ‘గిటారు తీగ’ అన్న మాట చేర్చుకోవాలి. గిటారును యాంప్‌కు కలిపే ఆ తీగ పీకగానే చప్పుడు ఆగితే యాంప్ నిర్దోషి. సింగిల్ కాయిల్ పికప్ చుట్టుపక్కల ట్రాన్స్‌ఫార్మర్ల మోతనంతా పట్టుకుంటుంది. గిబ్సన్ ఇంజినీరు సెత్ లవర్ 1955లో హంబకర్ పికప్‌ను రూపొందించింది ఆ మోతను అణచడానికే.

మూలంలో హెచ్చరిక లేకపోవడం పద్యానికి పెద్ద లోపం. ప్లగ్గు తీశాక కూడా కండెన్సర్లలో 400 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఛాసిస్ విప్పితే వాటిని రెసిస్టర్ ద్వారా ఖాళీ చేసి, మీటరుతో సరిచూశాకే చేయి పెట్టాలి. స్పీకరు తీగ ఊడదీసి యాంప్ నడపకూడదు. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయే ప్రమాదముంది. గొట్టం మార్చే ప్రతిసారీ స్విచ్చు కట్టి, చల్లారనిచ్చి, గుడ్డతో పట్టుకుని తీయాలి.

అన్వయం: వెనక నుంచి చూస్తే కుడి చివరిది మొదటి గొట్టం, నార్మల్ ఛానెలుది. రెండోది వైబ్రాటో ఛానెలుది, మూడు నాలుగు రివెర్బ్‌వి, అయిదోది ట్రెమొలోది, ఆరోది ఫేజ్ ఇన్వర్టర్. ఈ క్రమంలోనే పీకాలి. ‘ఎచట’ అంటే మొట్టమొదట ఎచట అని అర్థం. ఆరోదాన్ని పీకితే దాని ముందున్న చప్పుళ్లన్నీ ఎలాగూ ఆగిపోతాయి; అంతమాత్రాన అది దోషి కాదు. ఆరోది తీశాక కూడా హమ్ము వదలకపోతే తప్పు పవర్ గొట్టాల్లోనో సప్లయిలోనో ఉంది. రెండు 6వి6లు సమ ఉజ్జీలైతే సప్లయి నుంచి వచ్చే అలలు అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకటి నీరసించినా హమ్ము పైకి తేలుతుంది.

‘అచటె’లోని అవధారణను పూర్తిగా నమ్మరాదు. తప్పు గొట్టంలో కాక దాని చుట్టూ ఉన్న సామగ్రిలో ఉండవచ్చు. మంచిదని తెలిసిన గొట్టం పెట్టినా చిటపట తగ్గకపోతే ఆ సాకెట్‌కు అతికిన లక్ష ఓముల కార్బన్ ప్లేట్ రెసిస్టర్‌ను అనుమానించాలి. అంతకు ముందు సాకెట్ కాళ్ల మురికి తుడవాలి. మూడో పాదం చివర కవి సంధి కలపకుండా వదిలేశాడు. అది ప్రమాదం కాదు, సూచన: చిటుకులకు మరో కారణం వదులైన సంధి, అంటే సోల్డరింగ్ అతుకు.

విశేషాలు: హమ్ము రెండు స్థాయిల్లో ఉంటుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్. హీటరు తీగల నుంచో పికప్ నుంచో వచ్చే మోత ఆ శ్రుతిలోనే ఉంటుంది. రెక్టిఫయర్ దాటి వచ్చేది సరిగ్గా పై స్థాయిలో, 120 దగ్గర పలుకుతుంది. అది ఎండిపోయిన ఫిల్టర్ కండెన్సర్ల గొంతు. డీలక్స్ రివెర్బ్‌లో అవి ఛాసిస్‌కు బిగించిన రేకు మూత కింద దాక్కుంటాయి. అమెరికా నుంచి హైదరాబాదుకో విజయవాడకో తెచ్చుకున్న యాంప్‌లో ఈ శ్రుతులు 50, 100 అవుతాయి. వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులను మారుస్తుంది గాని సైకిళ్లను మార్చదు. వాల్యూమ్ తిప్పితే హమ్ము పెరిగి తగ్గుతుంటే మూలం ఆ నాబ్‌కు ముందుంది. ఉలకకపోతే తర్వాత ఉంది. రివెర్బ్ నాబ్‌తో పెరిగితే స్ప్రింగుల పెట్టె తీగలు చూడాలి. దాన్ని తిప్పి బిగించడం వల్ల సిగ్నల్ అందుకునే కొస పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కకు చేరినా హమ్మంటుంది.

హిస్సు మాటకొస్తే, కొంత సహజమే. వేడి ఉన్న ప్రతి రెసిస్టరులోనూ ఎలక్ట్రాన్ల కదలిక చప్పుడవుతుందని బెల్ లాబ్స్‌లో జాన్సన్ కొలిచి 1928లో ప్రచురించాడు. కార్బన్ రెసిస్టర్లు అంతకంటే ఎక్కువే బుసకొడతాయి. మెటల్ ఫిల్మ్‌వి వేస్తే తగ్గుతుంది. వాయించేటప్పుడు వినపడని బుస కోసం పాత సామాను పెరికేయడం మాత్రం అనవసరం.

పాఠాంతరం: ‘గుంజి’కి బదులు ‘గుద్ది చూచినవేళ’ అని చదివినా యతి చెడదు, టింగుకు ఆ పాఠమే మేలు. యాంప్ నడుస్తుండగా పెన్సిలు రబ్బరు కొసతో గొట్టాలను మెల్లగా తట్టాలి. 12ఏఎక్స్7 ఏదైనా కాస్త పలుకుతుంది. తట్టడం ఆపాక కూడా మోగుతూ ఉండేదే దోషి. స్పీకరు, గొట్టాలు ఒకే పెట్టెలో ఉండడంతో అదురు నేరుగా వాటికే తగులుతుంది.

పూర్వపక్షం: చప్పుళ్లు నాలుగే అన్నాడు, మరి ట్రెమొలో ‘టిక్కు టిక్కు’ సంగతేమిటి? సమాధానం: అది తాళం, నాదం కాదు. ట్రెమొలోను ఊపే నియాన్ దీపం వెలిగి ఆరినప్పుడల్లా ఆ కుదుపు పక్క తీగలకు అంటుతుంది. తీగలను దూరంగా సర్దితే చాలాసార్లు తగ్గుతుంది. ప్యానెల్ మీద ‘వైబ్రాటో’ అని ఉన్నా అక్కడ ఊగేది శ్రుతి కాదు, శబ్దం స్థాయి. ఈ పొరపాటు కవిది కాదు, ఫెండర్‌ది.

తాత్పర్యం: చప్పుడు రకం చెవితో పోల్చుకుని, గిటారు తీగ మొదలు ఆరో గొట్టం దాకా వరుసగా పీకి చూసి, దోషం ఎక్కడో తేల్చాకే విడిభాగం మార్చాలని భావం.

ఫలశ్రుతి: మొదటి గొట్టం దగ్గరే మోత ఆగితే ఖర్చు ఒక్క 12ఏఎక్స్7. ఫిల్టర్ కండెన్సర్లని తేలితే అన్నిటినీ ఒకేసారి మార్చాలి. ఒకే వయసువి గనక మిగిలినవీ ఆ దారినే ఉంటాయి.