దిగిపోయే పెద్దలకు శాలువా కప్పితే సరిపోతుందా?

ఈ మధ్య ఏ చర్చికి వెళ్ళినా ఇదే వరస. పరిచర్య కమిటీ గడువు తీరిందంటే చాలు, గేటుకి అడ్డంగా ఫ్లెక్సీ లేస్తుంది. దిగిపోయేవాళ్ళ ఫోటోలు చిన్నవి, సన్మానం చేసేవాళ్ళ ఫోటోలు పెద్దవి. ఆరాధన అయ్యాక వేదిక మీద కుర్చీలు, శాలువాలు, జ్ఞాపికలు, ఒకరి తరవాత ఒకరు ప్రసంగాలు, యూట్యూబులో లైవు, చివర్లో బిర్యానీ. ఏళ్ళ తరబడి పేదల గుమ్మాలు ఎక్కి దిగిన మనిషి లేచి ఏదో చెప్పబోతే మాత్రం, "టైమైపోయిందండీ, రెండు ముక్కల్లో ముగించండి" అంటారు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

సన్మానం తప్పని నేననను. కష్టపడ్డ మనిషికి సంఘం కృతజ్ఞత చెప్పాల్సిందే. నా బాధల్లా ఒకటే. ఆ మనిషికి తెలిసిందంతా మనం అడిగి తెలుసుకోకుండానే ఇంటికి సాగనంపుతున్నాం. మర్నాటి నుంచి కొత్త కమిటీకి ఏ ఇంట్లో ఎవరున్నారో తెలియదు.

మాది కృష్ణా జిల్లా, బందరు వైపు పల్లె. 1841లో నోబుల్, ఫాక్స్ దొరలు వచ్చి మిషను పని మొదలుపెట్టిన ప్రాంతం. నా చిన్నప్పుడు మా సంఘంలో ఎక్కువమంది కూలినాలి చేసుకునేవాళ్ళే. అయినా ప్రతి ఇంట్లో పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో పోయడానికి బియ్యం చేటలో పోసుకుని, కడగకముందే అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ కుండలో వేసేది మా అమ్మ. పక్కింట్లో చేబదులు తెచ్చిన బియ్యమైనా సరే, ఆ పిడికెడు తీశాకే మాకు వండేది. ఆదివారం ఆ బియ్యం గుడ్డ సంచుల్లో గుడికి చేరేవి. పెద్దలు కొలిచి, ఈ ఇంటికి తవ్వెడు, ఆ ఇంటికి మానెడు అని వేరు చేసేవారు. లేనివాడికి ఇచ్చింది కూడా లేనివాడే. డోర్నకల్ తొలి బిషప్పు అజరయ్యగారు, 1912లో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు అయిన మహానుభావుడు, తమిళదేశం నుంచి వచ్చి తెలుగు నేర్చుకుని మన మధ్య బతికారు. క్రైస్తవుడు ఎలా ఇవ్వాలో చెబుతూ ఒక పుస్తకమే రాశారు. ఎంత పేదవాడికైనా ఇచ్చే భాగ్యం ఉండాలన్నది మా పెద్దవాళ్ళు ఆ తరం నుంచి నేర్చుకున్నదే.

అప్పట్లో కమిటీ మారేదెలాగో చెబుతాను. మా మేనత్త స్త్రీల సమాజం తరఫున చాలాకాలం ఈ బియ్యం పంచే పని చూసింది. దిగిపోయే నెలలో, తన తరవాత ఎక్కబోయే పిల్లను వెంటబెట్టుకుని సాయంత్రాలు ఇల్లిల్లూ తిప్పింది. లాంతరు పట్టుకుని ముందు నడవడం నా పని. ప్రతి గుమ్మానికీ కాస్త ఇవతల ఆగి గొంతు తగ్గించి చెప్పేది.

"ఈ ఇంట్లో ముందు కూచోవాలమ్మా. మంచినీళ్ళు అడిగి తాగు, తరవాత సంచి ఇవ్వు. నిలబడి ఇచ్చావంటే పుచ్చుకోదు, అభిమానం గల మనిషి."

"ఇక్కడ బియ్యం ఇవ్వకు. ఆవిడకి పొయ్యి రాజేసే ఓపిక లేదు. వండిన అన్నమే తేవాలి."

"ఈయన దగ్గర కొడుకు ఊసెత్తకు. ప్రార్థన చేసి వచ్చెయ్."

"ఈ ఇంటికి చీకటిపడ్డాకే రా. బాగా బతికినవాళ్ళు, నలుగురూ చూస్తే నామోషీ పడతారు."

చిట్టా పుస్తకంలో బియ్యం లెక్క ఉంటుంది గాని ఈ మాటలుండవు. ఆ తిరుగుడంతా అయ్యాకే ఆదివారం అయ్యగారు ఇద్దర్నీ బలిపీఠం ముందుకి పిలిచారు. పుస్తకం, బీరువా తాళం, బియ్యం కొలిచే సోల మా అత్త చేతుల్లోంచి ఆ పిల్ల చేతుల్లోకి వెళ్ళాయి. అయ్యగారు ఇద్దరి తలల మీదా చేతులుంచి ప్రార్థన చేశారు. సంఘమంతా లేచి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోంచి ఒక కీర్తన పాడింది. గుడి బయట, ముందు కూచోమని చెప్పిన ఆ ఇంటావిడ మా అత్త కోసం కాచుకుని ఉంది. కొంగులో దాచుకుని తెచ్చిన కోడిగుడ్లు అత్త చేతిలో పెట్టి, ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది. మా అత్తకి జీవితంలో జరిగిన సన్మానం అదొక్కటే.

వాక్యం తెలిసిన పెద్దలు ఒక్కసారి ఆలోచించండి. అపొస్తలుల కార్యముల ఆరో అధ్యాయంలో ఏడుగుర్ని ఏర్పరచుకున్నది ఎందుకు? గ్రీకు మాట్లాడే విధవరాండ్రను రోజువారీ పంపకంలో చిన్నచూపు చూస్తున్నారన్న గొణుగుడు పుట్టినందుకు. మొట్టమొదటి పరిచర్య కమిటీ పుట్టిందే ఎవరి గుమ్మమూ తప్పిపోకుండా చూడడానికి. తొమ్మిదో అధ్యాయానికి రండి. యొప్పేలో తబితా చనిపోతే పేతురు వచ్చి చూసిందేమిటి? విధవరాండ్రు ఆయన చుట్టూ చేరి ఏడుస్తూ, ఆమె తమకు కుట్టి ఇచ్చిన అంగీలు, వస్త్రాలు చూపించారు. ఆ మేడగదిలో సాక్ష్యం పలికినవాళ్ళు పుచ్చుకున్నవాళ్ళే. మన సభల్లో వాళ్ళకి మైకు ఎప్పుడైనా ఇచ్చామా?

ఇవ్వకపోగా, ఇంకో పని చేస్తున్నాం. ఒక సంఘంలో కళ్ళారా చూశాను. ఒకే షామియానాలో రెండు పనులూ అయిపోతాయని సన్మానంతోపాటే విధవరాండ్రకు చీరలు, దుప్పట్లు పంచడం పెట్టారు. ప్రసంగాలు పూర్తయ్యేదాకా ఆ ముసలమ్మలు నీడ చాలక ఎండలో కూచున్నారు. తరవాత ఒక్కొక్కరినీ వేదిక ఎక్కించి, దుప్పటికి ఒక అంచు ఆవిడ, ఇంకో అంచు దాత పట్టుకుని, ఇద్దరూ కెమెరా వంక చూడాలట. ఒకావిడ తల దించుకుంటే, "అమ్మా, ఇటు చూడు" అని గద్దించారు. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళల్లో మెదులుతోంది.

1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఏం చేశాడో మన పెద్దలు కథగా చెప్పేవారు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో కొంత భాగం కంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్ళకి పని చూపించి కూలి ఇచ్చాడు. కరువు సాయం నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వనన్నాడు. అన్నం కోసం విశ్వాసం అమ్ముకునే గతి ఎవరికీ పట్టకూడదని ఆయన పట్టుదల. సాయం ఆగిపోయాకే, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. సాయానికి బదులుగా విశ్వాసాన్నే పుచ్చుకోనన్నవాళ్ళ వారసులం మనం. ఒక దుప్పటికి బదులుగా ముసలమ్మ ముఖాన్ని పుచ్చుకుంటున్నాం.

ఇప్పటి రోజుల్లో మంచి లేదని కాదు. లెక్కలు వాట్సాప్‌లో అందరికీ కనిపిస్తున్నాయి, మంచిదే. ఆడవాళ్ళు కమిటీలకు అధ్యక్షులవుతున్నారు, అది ఎప్పుడో జరగాల్సింది. డల్లాస్‌లో ఉన్న మన పిల్లలు ఫోన్లోనే డబ్బు పంపుతున్నారు. కానీ అవసరాలు మారాయి. బియ్యం రేషన్ కార్డు మీద వస్తున్నాయి, పింఛను గుమ్మంలోకి వస్తోంది. ఇప్పటి కష్టం సంచిలో పట్టేది కాదు. డయాలసిస్‌కి తోడు వెళ్ళే మనిషి లేని ఇల్లుంది. పిల్లలు అమెరికాలో ఉండి, పెద్ద మేడలో మాట్లాడే దిక్కు లేని తల్లి ఉంది. తాగుడుకి బానిసైన భర్త కంటపడకుండా ఫీజు డబ్బులు ఎవరికివ్వాలో తెలియాల్సిన ఇల్లుంది. ఇవన్నీ దిగిపోయేవాళ్ళకే తెలుసు. ఎక్సెల్ షీటులో పేరు, ఫోను నంబరు ఉంటాయి. ఫోనే లేని ఒక ముసలావిడ పేరు అలాగే జారిపోయి, కమిటీ మారాక నెలల తరబడి ఆ గడప ఎవరూ తొక్కని సంగతి నాకు తెలుసు. పాత సభ్యురాలు ఊళ్ళోనే ఉంది. శాలువా కప్పినవాళ్ళు ఆవిణ్ణి ఒక్క మాట అడగలేదు, అంతే.

1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమను ఊడ్చేసినప్పుడు, బతికి బయటపడ్డవాళ్ళు కట్టుబట్టలతో మా వైపు వచ్చారు. వాళ్ళకి ముందుగా గంజి కాచింది ఎప్పుడో దిగిపోయిన పాత కమిటీవాళ్ళే. పెద్ద గుండిగలు ఎవరింట్లో ఉన్నాయో, కట్టెలు ఎవరిస్తారో, అర్ధరాత్రి లేపినా విసుక్కోనివాళ్ళెవరో వాళ్ళకి తెలుసు. వాళ్ళని ఎవరూ పిలవలేదు. పదవి లేదు గనక మాకెందుకని వాళ్ళూ అనుకోలేదు.

ఈ ఏడు కమిటీలు మారే సంఘాల పెద్దలకు, అయ్యగార్లకు నా విన్నపం. సన్మానం ఖర్చు పరిచర్య నిధిలోంచి తీయకండి, వేరే చందా వేసుకోండి. దుప్పట్లు ఇళ్ళకి వెళ్ళి ఇవ్వండి, ఫోను జేబులోనే ఉంచండి. దిగిపోయే అన్నయ్యనో, అక్కనో వెంటబెట్టుకుని కొత్తవాళ్ళు ప్రతి ఇంటికీ వెళ్ళండి, వాళ్ళు గుమ్మం ఇవతల ఆగి చెప్పే మాటలు చెవినిపెట్టండి. ఆ ఇళ్ళన్నీ తిరగడం అయ్యాకే సన్మాన సభకి తేదీ పెట్టుకోండి.