మా ఊరికి జార్ఖండ్ ఎవరు?

ఢిల్లీవాళ్లు అదృష్టవంతులు. విద్యుత్ కారు కొనుక్కుని, గాలిని బాగుచేశామని చెప్పుకోవచ్చు. బొగ్గు తవ్వడానికీ, మండించడానికీ, బూడిద పీల్చడానికీ జార్ఖండ్ ఉంది. జంషెడ్‌పూర్ వాళ్లం, మేమెక్కడికి పోవాలి? బిష్టుపూర్‌లో కారును ప్లగ్గుకు తగిలిస్తే జోజోబేరాలో పొగగొట్టం ఊపిరి వదులుతుంది. టాటా పవర్ వారి 427.5 మెగావాట్ల బొగ్గు కేంద్రం అది, ఊళ్లోనే ఉంది. ఇల్లూడ్చి చెత్తను పక్కింటి గుమ్మంలో పోసే వీలు కూడా మాకు లేదు, వసారాలోది పెరట్లో పోసుకోవడమే!

మా జార్ఖండ్ ప్రభుత్వ సమదృష్టిని మెచ్చుకోవాలి. 2022 జనవరి 26న రేషన్ కార్డున్న ద్విచక్ర వాహనదారులకు లీటరు పెట్రోలుకు 25 రూపాయల చొప్పున, నెలకు 10 లీటర్ల దాకా రాయితీ ప్రారంభించింది. అదే ఏడాది అక్టోబరులో విద్యుత్ వాహన విధానం తెచ్చి, పెట్రోలు మానండి, రోడ్డు పన్ను తగ్గిస్తామంది. పేదవాడి 250 రూపాయల మీద నాకేమీ కడుపుమంట లేదు. కానీ పోస్తే ఒక బహుమతి, మానేస్తే ఇంకో బహుమతి అంటే, నడిచి వెళ్లేవాడు చేసిన పాపమేమిటి?

మా ఊరి సాక్చి గోల్‌చక్కర్ దగ్గర నిలబడి చూడండి. టోటో అనే విద్యుత్ రిక్షా వెనక సీట్లలో నలుగురు మోకాళ్లు తగిలేలా ఎదురెదురుగా, డ్రైవరు పక్కన ఒంటి తొడ మీద ఇంకొకడు. రాత్రి ఇంటి దగ్గర ఛార్జింగు, పొద్దున్నే బేరం. కడుపు కోసం బండి మార్చుకున్న ఈ డ్రైవర్ల కోసం ఏ మంత్రీ రిబ్బన్ కత్తిరించలేదు. ట్రాఫిక్ ఆగిపోతే మాత్రం అందరి నోటా వాళ్ల పేరే.

ఉక్కు మోయడానికి 35 టన్నుల విద్యుత్ లారీలు దించుతామని టాటా స్టీల్ 2021లో ప్రకటించింది. మంచిదే, డీజిల్ పొగ తగ్గితే రోడ్డు పక్క టీకొట్టువాడు దగ్గకుండా టీ పోస్తాడు. 2025 మార్చిలో టాటా మోటార్స్ మొదలుపెట్టిన హైడ్రోజన్ లారీల పరీక్షల్లోనూ మా ఊరి పేరుంది. ఆ హైడ్రోజన్ పుట్టుపూర్వోత్తరాలు అడగడం మర్యాద కాదు. ప్రపంచంలో తయారయ్యేదాంట్లో ఎక్కువ భాగం సహజవాయువు, బొగ్గుల సంతానమే మరి.

అందుకని ఒక విన్నపం. విద్యుత్ బండ్లకిచ్చే ఆకుపచ్చ నంబరు ప్లేటు మీద, మా దగ్గర ఛార్జింగు పెట్టేవాటికి ఓ మూల నల్లటి దిష్టిచుక్క కూడా పెట్టించండి. జోజోబేరా మసి ఉండగా సర్కారుకు రంగు ఖర్చు కూడా ఉండదు.